జడ్జీలు, లాయర్ల విషయంలో సుప్రీంకోర్టు కొత్త తీర్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పేపర్లో శీర్షిక చదివి "ఇక లాయరు మీద ఎక్కడా కేసు వేయలేం" అనో, "సనద్ (లాయరుగా నమోదైనట్టు ఇచ్చే పత్రం) 750 రూపాయలకే వచ్చేస్తుంది" అనో అనుకుంటే సగం సంగతే తెలిసినట్టు. ఆ తీర్పు ఏ తేదీ నుంచి అమలు, ఎవరికి వర్తిస్తుంది, చేతిలో ఏ కాగితం ఉండాలి అన్నదాంట్లోనే మిగతా సగం ఉంటుంది. 2024, 2025లలో వచ్చిన తీర్పుల మీద లా విద్యార్థులు, జూనియర్ లాయర్లు, కక్షిదారులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాం.

లా డిగ్రీ చేతికి రాగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయవచ్చా?

కుదరదు. ఆల్ ఇండియా జడ్జెస్ అసోసియేషన్ కేసులో 2025 మే 20న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్.గవాయ్, జస్టిస్ ఎ.జి.మసీహ్, జస్టిస్ కె.వినోద్ చంద్రన్‌ల ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రకారం లాయరుగా కనీసం మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలి. అందుకు తగ్గట్టు సర్వీసు రూల్స్ సవరించుకోవాలని అన్ని రాష్ట్ర ప్రభుత్వాలను, హైకోర్టులను ఆదేశించింది.

ఈ షరతు కొత్తదేమీ కాదు. 1993లో సుప్రీంకోర్టే దీన్ని పెట్టింది. చురుకైన పిల్లలు ఈ సర్వీసువైపు రావడం లేదని, కింది కోర్టుల జడ్జీల సర్వీసు పరిస్థితుల మీద వేసిన శెట్టి కమిషన్ చెప్పడంతో 2002లో తనే తీసేసింది. ఆ తర్వాత కోర్టు గుమ్మం తొక్కకుండానే బెంచి ఎక్కినవాళ్ళతో ఇబ్బందులు వస్తున్నాయని ఎన్నో హైకోర్టులు చెప్పాయి. చేరిన మొదటి రోజు నుంచే మనుషుల స్వేచ్ఛ, ఆస్తి, పరువు తేల్చాల్సినవాళ్ళకు పుస్తక జ్ఞానం ఒక్కటే చాలదన్నది తాజా తీర్పు సారం. ఆంధ్రప్రదేశ్‌లోనైతే 2020 డిసెంబర్ నోటిఫికేషన్‌లోనే మూడేళ్ళ షరతు కనిపించింది. అప్పట్లో అదే పెద్ద వివాదమైంది.

2025 మే 20కి ముందే మొదలైన నియామకాలకు ఈ తీర్పు వర్తించదు. వాటికి నోటిఫికేషన్ నాటి రూల్సే. ఎంపికైనవాళ్ళు కోర్టు నడిపే ముందు ఏడాది శిక్షణ తీసుకోవాలని కూడా తీర్పులో ఉంది.

మూడేళ్ళు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి?

స్టేట్ బార్ కౌన్సిల్‌లో ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (లాయరుగా తాత్కాలిక నమోదు) అయిన రోజు నుంచి. ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ పాసైన రోజు నుంచి కాదు. ఆ పరీక్ష ఒక్కో ఏడాది ఒక్కో నెలలో పెడతారు కాబట్టి దాన్ని ప్రమాణంగా తీసుకుంటే అన్యాయం జరుగుతుందని కోర్టు స్పష్టంగానే చెప్పింది.

తప్పు జరిగేది కూడికలో. 2023 ఆగస్టు 10న ఎన్‌రోల్ అయినవారికి మూడేళ్ళు నిండేది 2026 ఆగస్టు 9తో. నోటిఫికేషన్‌లో కటాఫ్ ఆగస్టు 1 అని ఉంటే ఎనిమిది రోజులు తక్కువైనట్టే, దరఖాస్తు తిరస్కరిస్తారు. అందుకే పరీక్ష తేదీ చూసి ధీమాగా కూర్చోకండి. అర్హతను ఏ తేదీ నాటికి చూస్తారో ఆ వాక్యం వెతికి పట్టుకోండి. డిగ్రీ అయ్యాక "తర్వాత చూద్దాంలే" అని ఎన్‌రోల్‌మెంట్ ఆరు నెలలు వాయిదా వేస్తే, ఆ ఆరు నెలలూ ఇక్కడ బాకీగా తేలతాయి.

ఇంకోటి. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్‌తో రెండేళ్ళు ప్రాక్టీసు చేయవచ్చు. ఆలోగా బార్ ఎగ్జామ్ పాస్ కావాలి. లేకపోతే పాసయ్యేదాకా ప్రాక్టీసు హక్కు ఉండదు కనుక ఆ ఖాళీని అనుభవంగా చూపించడం కష్టం. పరీక్షలో 100 ప్రశ్నలుంటాయి. జనరల్, ఓబీసీ అభ్యర్థులకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం వస్తే పాస్.

ప్రాక్టీసు సర్టిఫికెట్ ఎవరిస్తే చెల్లుతుంది?

మీ సీనియర్ లెటర్‌హెడ్ మీద రాసిచ్చింది ఒక్కటే చెల్లదు. తీర్పులో రెండు దారులున్నాయి. మీరు ప్రాక్టీసు చేసే కోర్టు ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసర్ (అక్కడి ప్రధాన జడ్జి) స్వయంగా ఇవ్వవచ్చు. లేదా అదే కోర్టులో కనీసం పదేళ్ళ అనుభవమున్న అడ్వకేట్ ఇస్తే, దాని మీద జిల్లా ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసర్ గానీ ఆ ఊరి ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసర్ గానీ ధ్రువీకరణ సంతకం పెట్టాలి. అంటే గుడివాడలో ప్రాక్టీసు చేసే జూనియర్ జిల్లా కేంద్రం మచిలీపట్నం దాకా వెళ్ళి తీరాలని లేదు, ఆ ఊళ్ళోనే పని జరగవచ్చు. హైకోర్టులో లేదా సుప్రీంకోర్టులో చేసేవాళ్ళకైతే పదేళ్ళ అడ్వకేట్ సర్టిఫికెట్ మీద ఆ కోర్టు నియమించిన అధికారి సంతకం కావాలి.

సంతకం పెట్టే అధికారికి మీ ముఖం గుర్తుండకపోవచ్చు. అక్కడ మాట కంటే కాగితం పనిచేస్తుంది. చాలామంది జూనియర్ల చిక్కు ఏమిటంటే మూడేళ్ళూ రోజూ కోర్టుకు వెళ్ళినా, వకాల్తా అంతా సీనియర్ పేరు మీదే ఉంటుంది. వాయిదాలు అడిగింది, చీఫ్ అఫిడవిట్లు రాసింది, సాక్షిని క్రాస్ చేసింది జూనియరే అయినా రికార్డులో ఎక్కడా పేరుండదు. మొదటి నెల నుంచే సీనియర్‌తో పాటు మీ పేరూ వకాల్తాలో వేయించుకోండి. మీరు హాజరైనట్టు రాసిన డాకెట్ ఆర్డర్ల (వాయిదా రోజు కోర్టు రాసే ఉత్తర్వుల) కాపీలు, మీ పేరున్న కాజ్ లిస్టులు (ఆ రోజు విచారణకొచ్చే కేసుల జాబితాలు) ఏడాదివారీగా ఒక ఫైల్లో పెట్టుకోండి. రెండు ఊళ్ళలో చేసి ఉంటే రెండు చోట్లా విడివిడిగా సర్టిఫికెట్లు తీసుకోండి. తేదీల మధ్య ఖాళీ కనిపించకూడదు. నోటిఫికేషన్‌తో పాటు ప్రొఫార్మా ఇస్తే అక్షరం మార్చకుండా అదే వాడండి.

లా క్లర్క్‌గా చేసిన కాలం, కంపెనీలో లీగల్ ఉద్యోగం లెక్కలోకి వస్తాయా?

న్యాయమూర్తుల దగ్గర, జ్యుడీషియల్ ఆఫీసర్ల దగ్గర లా క్లర్క్‌గా పనిచేసిన కాలం కలుస్తుంది. అది తీర్పులోనే ఉంది. కంపెనీ జీతం మీద పూర్తికాలం చేసే ఉద్యోగం కలవదు. బార్ కౌన్సిల్ రూల్స్‌లోని 49వ నిబంధన ప్రకారం అలాంటి ఉద్యోగంలో చేరితే బార్ కౌన్సిల్‌కు తెలిపి ప్రాక్టీసు ఆపుకోవాలి. ఆపకుండా రెండూ నడిపి, తర్వాత ఆ కాలానికి ప్రాక్టీసు సర్టిఫికెట్ తెచ్చుకుంటే పోస్టు రాకపోవడం ఒక్కటే కాదు, ఉన్న సనద్‌కూ ముప్పే. పీఎఫ్ ఖాతా, ఫారం 16 ఎప్పటికైనా బయటపడతాయి.

ఇప్పటికే జూనియర్ సివిల్ జడ్జిగా ఉన్నవాళ్ళు జిల్లా జడ్జి పోస్టుకు నేరుగా పోటీపడవచ్చా?

పడవచ్చు. 2025 అక్టోబర్ 9న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ తలుపు తెరిచింది. జిల్లా జడ్జి పోస్టుల్లో డైరెక్ట్ కోటా పూర్తిగా లాయర్లదేనని 2020లో ధీరజ్ మోర్ కేసులో చెప్పిన మాట ఇప్పుడు చెల్లదు. లాయరుగా, జ్యుడీషియల్ ఆఫీసరుగా చేసిన కాలం రెండూ కలిపి ఏడేళ్ళు ఉంటే చాలు. ఉదాహరణకు మూడేళ్ళ ప్రాక్టీసు, నాలుగేళ్ళ సర్వీసు. అర్హతను దరఖాస్తు చేసే రోజు నాటికి చూస్తారు. కనీస వయసు ఇద్దరికీ 35 ఏళ్ళు. పాత నియామకాలను ఈ తీర్పుతో తిరగదోడలేరు.

బార్‌లో దీనిమీద అసంతృప్తి ఉంది. జడ్జీలకు ప్రమోషన్ దారి ఒకటి, పరిమిత శాఖాపరమైన పరీక్ష (సర్వీసులో ఉన్న జడ్జీలకే పెట్టే పోటీ పరీక్ష) దారి ఇంకొకటి ముందే ఉన్నాయి కదా, మూడో దారి కూడా ఎందుకన్నది లాయర్ల వాదన. పైగా మే 20 తీర్పుతో శాఖాపరమైన పరీక్ష కోటా 10 నుంచి 25 శాతానికి పెరిగింది. వాదనలో పస లేకపోలేదు గానీ, తెలివైన జూనియర్ జడ్జి పదిహేనేళ్ళు ప్రమోషన్ కోసం ఎదురుచూడటం కూడా సర్వీసుకు మంచిది కాదు.

ఎన్‌రోల్‌మెంట్‌కు నిజంగా 750 రూపాయలేనా?

అవును. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 24వ సెక్షన్‌లో ఉన్న అంకె అది. స్టేట్ బార్ కౌన్సిల్‌కు 600, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు 150. ఎస్సీ, ఎస్టీలకు 100, 25 కలిపి 125. ఒకప్పుడు కొన్ని రాష్ట్రాల్లో లైబ్రరీ ఫండ్, సంక్షేమ నిధి, ఐడీ కార్డు, ఇన్‌స్పెక్షన్ అంటూ రకరకాల పేర్లతో ఇది 40 వేలు దాటింది. జస్టిస్ డి.వై.చంద్రచూడ్ ధర్మాసనం 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో, చట్టంలో లేని పైసా కూడా ఎన్‌రోల్‌మెంట్‌కు షరతుగా పెట్టకూడదని తేల్చింది. "ఇష్టమైతే కట్టండి" అనే ఐచ్ఛిక ఫీజు కూడా కుదరదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది.

చట్టం ప్రకారం స్టాంప్ డ్యూటీ పడితే అది వేరు. బార్ ఎగ్జామ్ ఫీజూ వేరే. 2024 జూలై 30కి ముందు ఎక్కువ కట్టినవాళ్ళకు వాపసు రాదు. అదనంగా అడిగితే ఏ పద్దు కింద అడుగుతున్నారో రాతపూర్వకంగా ఇవ్వమనండి. కట్టక తప్పని పరిస్థితి వస్తే రసీదు మాత్రం వదలకండి.

మా లాయరు వాయిదాలకు రాక కేసు కొట్టేశారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చా?

వెళ్ళలేరు. లాయరు సేవ వినియోగదారుల రక్షణ చట్టం కిందకు రాదని 2024 మే 14న జస్టిస్ బేలా త్రివేది, జస్టిస్ పంకజ్ మిథల్ తీర్పిచ్చారు. వస్తుందని 2007లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది దీనితో రద్దయింది. లాయరు కక్షిదారు చెప్పినట్టు నడుచుకోవాలి, అతని అనుమతి లేకుండా రాజీ కూడా పడలేడు. ఇంతగా కక్షిదారు అదుపులో ఉండే పని "వ్యక్తిగత సేవా ఒప్పందం" అవుతుంది గనుక చట్టంలోని సేవ నిర్వచనంలో పడదన్నారు.

అలాగని లాయరుకు అడిగేవాడు లేడని కాదు. నిర్లక్ష్యానికి నష్టపరిహారం కోరుతూ సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. వృత్తిపరమైన దుష్ప్రవర్తన అయితే అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద స్టేట్ బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ మందలింపు నుంచి సస్పెన్షన్, రోల్ నుంచి పేరు కొట్టేయడం దాకా శిక్షలున్నాయి. అయితే మీ డబ్బు మీకు ఇప్పించడం ఆ విచారణ ఉద్దేశం కాదు. ఏడాదిలో తేలకపోతే వ్యవహారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. స్టేట్ బార్ కౌన్సిల్ ఉత్తర్వు నచ్చకపోతే 60 రోజుల్లో అక్కడికి, ఆ తర్వాత మరో 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు.

ఫిర్యాదులు ఎక్కువగా ఎక్కడ వీగిపోతాయంటే, కేసు ఓడిపోవడాన్నే దుష్ప్రవర్తనగా రాసినప్పుడు. "సరిగా వాదించలేదు" అంటే ఎవరూ పట్టించుకోరు. "ఫలానా తేదీన కోర్టు ఫీజుకని ఇంత తీసుకున్నారు, కోర్టులో కట్టలేదు, ఇదిగో రికార్డు" అంటే కదలిక వస్తుంది. ఎదుటి పక్షం లాయరు మీద కోపంతో వేసే ఫిర్యాదులైతే మామూలుగా నిలబడవు. లాయరుకూ ఫిర్యాదుదారుకూ వృత్తి సంబంధం ఉండాలని 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పసలేని ఫిర్యాదును విచారణకు పంపినందుకు ఒక బార్ కౌన్సిల్‌కే 50 వేల రూపాయల ఖర్చులు విధించింది.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకొకటుంది. కేసు గైర్హాజరుతో కొట్టేస్తే 30 రోజుల్లో పునరుద్ధరణ పిటిషన్ వేయాలి. లాయరు మీద కసి తీర్చుకునే హడావుడిలో ఆ గడువు దాటబెట్టుకునేవాళ్ళు చాలామంది.

లాయరును మారుస్తామంటే ఫీజు బాకీ ఉందని ఫైలు ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

ఫీజు బాకీ ఉన్నా ఫైలు పట్టుకుని కూర్చునే హక్కు లాయరుకు లేదు. 2000 సంవత్సరంలో ఆర్.డి.సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. బాకీ కోసం ఆయన దావా వేసుకోవచ్చు, కాగితాలు మాత్రం ఇచ్చేయాలి. ముందు రిజిస్టర్డ్ పోస్టులో ఒక లేఖ పంపండి. పాత వకాల్తా రద్దు కోసం కోర్టు అనుమతి కోరుతూ పిటిషన్ వేస్తే, "నో అబ్జెక్షన్" రాకపోయినా కోర్టు అనుమతించవచ్చు. ఈలోగా కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టండి. ఒరిజినల్ దస్తావేజులు ఇచ్చి ఉంటే వాటి జాబితా లేఖలో విడిగా రాయండి. గొడవ వచ్చేది ఎప్పుడూ వాటి దగ్గరే.

పోలీసులు మా లాయరును పిలిచి మేం చెప్పిన విషయాలు అడగవచ్చా?

అడగకూడదు. 2025 జూన్‌లో ఇద్దరు సీనియర్ అడ్వకేట్లు అరవింద్ దాతార్, ప్రతాప్ వేణుగోపాల్‌లకు వాళ్ళిచ్చిన న్యాయ సలహా విషయంలో ఈడీ సమన్లు పంపడం, ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం పెద్ద దుమారమైంది. సుప్రీంకోర్టు సుమోటోగా (తనంతట తానే) విచారించి అక్టోబర్ 31న తీర్పిచ్చింది. కేసు వివరాలు రాబట్టడానికి దర్యాప్తు అధికారి లాయరుకు సమన్లు ఇవ్వకూడదు. భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్‌లోని మినహాయింపులు వర్తిస్తేనే ఇవ్వాలి. కక్షిదారు ఒప్పుకున్నప్పుడు, నేరం చేయడానికే సలహా తీసుకున్నప్పుడు, లాయరు పని మొదలయ్యాక జరిగిన నేరం లేదా మోసం ఆయన కంట పడినప్పుడు. ఈ మూడే మినహాయింపులు.

మినహాయింపు ఉందనుకున్నా ఎస్పీ హోదాకు తగ్గని పై అధికారి రాతపూర్వక ఆమోదం ఉండాలి. ఏ వాస్తవాల వల్ల మినహాయింపు వర్తిస్తుందో సమన్లలోనే రాయాలి. ఇవి లేని నోటీసును హైకోర్టులో సవాలు చేయవచ్చు. స్టేషన్ నుంచి "ఒకసారి వచ్చి పొండి సార్" అని ఫోన్ చేస్తే, రాతలో పంపమని అడగడమే జూనియర్లు నేర్చుకోవాల్సిన మొదటి జవాబు.

కంపెనీ జీతం మీద పనిచేసే లీగల్ ఆఫీసర్లకు 132వ సెక్షన్ రక్షణ రాదు. అది కోర్టులో ప్రాక్టీసు చేసే అడ్వకేట్లకే.

లాయరు ఫోను, ల్యాప్‌టాప్ తీసుకెళ్తే?

వాటిని దర్యాప్తు అధికారి ముందు కాదు, ఆ కేసు పరిధి ఉన్న కోర్టు ముందు హాజరుపరచాలి. కోర్టు సదరు కక్షిదారుకు నోటీసిచ్చి అభ్యంతరాలు వింటుంది. తెరవడానికి అనుమతించినా లాయరు, కక్షిదారు, వాళ్ళు ఎంచుకున్న సాంకేతిక నిపుణుడి సమక్షంలోనే తెరవాలి. మిగతా కక్షిదారుల ఫైళ్ళు బయటపడకూడదు. ఈ చివరి షరతు ఆచరణలో నిలబడాలంటే లాయర్లు ఒక్కో కేసుకు ఒక్కో ఫోల్డర్ పెట్టుకోవాలి. అంతా ఒకే వాట్సాప్ చాట్‌లో కలిపేస్తే ఎవరిది ఎవరిదో ఏ నిపుణుడూ విడదీయలేడు.

జడ్జి మీద ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

తీర్పు తప్పనిపిస్తే దారి అప్పీలే, ఫిర్యాదు కాదు. లంచం లాంటి ప్రవర్తన విషయమైతే జిల్లా, తాలూకా కోర్టుల జడ్జీల మీద హైకోర్టుకు రాయాలి. అమరావతిలోనో హైదరాబాద్‌లోనో ఉన్న రిజిస్ట్రీకి. దానితో ప్రమాణపూర్వక అఫిడవిట్, సరిచూడదగిన ఆధారాలు జతచేయాలి. ఊరూ పేరూ లేని ఆకాశరామన్న ఉత్తరాలను పక్కన పడేస్తారు.

హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల తొలగింపు పార్లమెంటు పని. లోక్‌సభలో 100 మంది లేదా రాజ్యసభలో 50 మంది సంతకాలతో తీర్మానం, ముగ్గురు సభ్యుల విచారణ కమిటీ, రెండు సభల్లోనూ ప్రత్యేక మెజారిటీ కావాలి. జస్టిస్ యశ్వంత్ వర్మ అధికారిక నివాసంలో 2025 మార్చి 14న అగ్నిప్రమాదం తర్వాత కాలిన నోట్లు కనబడ్డాయన్న ఆరోపణలతో ఈ ప్రక్రియ మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. అంతర్గత విచారణను సవాలు చేస్తూ ఆయన వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు ఆగస్టు 7న కొట్టేసింది. ఆగస్టు 12న లోక్‌సభ స్పీకర్ ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. 1993లో జస్టిస్ వి.రామస్వామి మీద తీర్మానం లోక్‌సభలో వీగిపోయింది. 2011లో రాజ్యసభ తీర్మానం ఆమోదించాక జస్టిస్ సౌమిత్ర సేన్ రాజీనామా చేశారు. హైకోర్టు జడ్జి మీద నేరుగా ఎఫ్ఐఆర్ కట్టడం ఎందుకు కుదరదంటే, ముందు భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలని 1991లో కె.వీరాస్వామి కేసులో తీర్పుంది.

కేసు వేరే కోర్టుకు మార్చమని అడిగేటప్పుడు జడ్జి మీద ఆరోపణలు రాయవచ్చా?

ఆధారముంటే వాస్తవాలు రాయండి, విశేషణాలు వద్దు. 2025 జూలైలో తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తి మీద ఇలాంటి ఆరోపణలతో బదిలీ పిటిషన్ వేసినందుకు కక్షిదారుతో పాటు సంతకాలు పెట్టిన లాయర్లకూ సుప్రీంకోర్టు ధిక్కరణ నోటీసులిచ్చింది. ముందు ఆ న్యాయమూర్తికే క్షమాపణ చెప్పుకోమంది. "కక్షిదారు చెప్పింది రాశాం" అనడం లాయరును కాపాడదు. ఆ సూత్రం 1954లోనే రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ధిక్కరణకు గరిష్ఠ శిక్ష ఆరు నెలల సాధారణ జైలు, 2,000 రూపాయల జరిమానా. జరిమానా చిన్నదే, సనద్ మీద పడే మచ్చ చిన్నది కాదు.

సీనియర్ అడ్వకేట్ హోదాకు ఇంకా మార్కులు వేస్తున్నారా?

లేదు. 2017 నాటి నూరు మార్కుల పద్ధతిని 2025 మే 13న ఎత్తేశారు. ఆ ధర్మాసనంలో జస్టిస్ అభయ్ ఓకాతో పాటు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ ఉజ్జల్ భూయాన్, మదనపల్లెలో పుట్టిన జస్టిస్ ఎస్.వి.ఎన్.భట్టి ఉన్నారు. ఇప్పుడు హైకోర్టు జడ్జీలంతా కూర్చుని నిర్ణయిస్తారు. పదేళ్ళ కనీస ప్రాక్టీసు షరతు అలాగే ఉంది. ఏడాదికి ఒకసారైనా ఈ ప్రక్రియ జరపాలి.

రిటైరైన హైకోర్టు జడ్జీల పెన్షన్ మాటేమిటి?

2025 మే 19 తీర్పు ప్రకారం ఒకే హోదాకు ఒకే పెన్షన్. ప్రధాన న్యాయమూర్తులకు ఏడాదికి 15 లక్షలు, మిగతావారికి 13.5 లక్షలు. బార్ నుంచి వచ్చారా, జిల్లా కోర్టుల నుంచి వచ్చారా, అదనపు న్యాయమూర్తిగానే రిటైరయ్యారా అన్నది చూడరు.

తీర్పు పూర్తి పాఠం డబ్బు కట్టకుండా ఎక్కడ దొరుకుతుంది?

సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లోనూ, ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లోనూ ఉచితం. ప్రతి తీర్పుకూ ఒక తటస్థ సంఖ్య ఉంటుంది. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీర్పుది 2024 ఐఎన్ఎస్‌సీ 558. అది కొడితే నేరుగా వస్తుంది. చాలా తీర్పులకు తెలుగు అనువాదం కూడా ఉంది. చదివి అర్థం చేసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది గానీ కోర్టులో చూపించేందుకు ఇంగ్లీషు ప్రతే చెల్లుతుంది. వంద పేజీలు చూసి బెదిరిపోకండి. ముందు చివరి నాలుగైదు పేజీల్లోని ఆదేశాలు చదవండి. అక్కడ అమలు తేదీ ఉందేమో చూసి, తర్వాత మొదటికి రండి.